ఎలుక ఆగినప్పుడు: నా రిపుల్ ప్రాజెక్టు డైరీ

జూన్ 1, ఆదివారం

ఆఫీసులో నా పని పంపులకీ మోటార్లకీ బిగించిన సెన్సార్ల నుంచి వచ్చే వైబ్రేషన్ చూసి ఏ బేరింగు పోబోతోందో ముందే చెప్పడం. బేరింగు లోపల చిన్న గుంట పడితే బాల్ దాని మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఓ పొట్టి "టింగ్" వస్తుంది. మామూలు గోలలో అది కలిసిపోయి కంటికి ఆనదు కాబట్టి, ఆ టింగ్ ఉండే ఫ్రీక్వెన్సీలని మాత్రం వడగట్టి, దాని ఎన్వెలప్ (అలల శిఖరాలని కలుపుతూ పోయే గీత) తీసి, ఎక్కడ ఉబ్బిందో చూస్తాం. పన్నెండేళ్ళుగా ఇదే బతుకు.

మా చెల్లెలు న్యూరోసైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు నా స్క్రీన్ మీద ఉన్న గ్రాఫు చూసి, "అన్నయ్యా, ఇది రిపుల్ డిటెక్టరే కదా, ఎలుక మెదడు మీద మేం చేసేది అచ్చం ఇదే" అంది. నేను నమ్మలేదు. అది అక్కడే కూర్చుని ఓ బొమ్మ గీసి చూపించింది. హిప్పోకాంపస్ అని చెవుల దగ్గర్లో బాగా లోపల, సముద్రపు గుర్రంలా వంకర తిరిగి ఉండే భాగం ఒకటుంది, కొత్త జ్ఞాపకాలు తయారయ్యేది దాని సాయంతోనే, ఆ తయారీలో ఒక ముఖ్యమైన సంఘటన సెకనులో పదో వంతు కూడా ఉండని ఓ చిన్న గలగల, దాని పేరు షార్ప్ వేవ్ రిపుల్. ఎలుకలో దాదాపు 110 నుంచి 200 హెర్ట్జ్ దాకా ఉంటుంది. వడగట్టు, ఎన్వెలప్ తియ్యి, ఉబ్బు చూడు. మా బేరింగే.

డేటా కూడా ఊరికే దొరుకుతుందట. న్యూరోసైంటిస్టు గ్యోర్గీ బుజాకి ల్యాబ్ వాళ్ళు ఎలుకల హిప్పోకాంపస్ నుంచి తీసిన రికార్డింగులు సీఆర్‌సీఎన్‌ఎస్ అనే సైటులో అందరికీ అందుబాటులో పెట్టారు, అకౌంటు తెరిస్తే చాలు. అందులో హెచ్‌సీ-3 అనే సెట్ తీసుకుంటున్నా. మొదటి పేజీలో రాసుకున్న లక్ష్యాలు మూడు: రిపుల్స్ పట్టుకోవడం, అవి ఎప్పుడు ఎక్కడ వస్తున్నాయో చూడటం, అప్పుడు న్యూరాన్లు ఏం "చెప్పుకుంటున్నాయో" చదవడం. మూడోది రాస్తున్నప్పుడే చెల్లెలు నవ్వింది. ఎందుకో అప్పుడు తెలీలేదు.

జూన్ 8, ఆదివారం

ఫైళ్ళతో కుస్తీ. ఎల్‌ఎఫ్‌పీ (ఎలక్ట్రోడు చుట్టూ ఉన్న కణాలన్నిటి కరెంటు హెచ్చుతగ్గులు కలిసిన అల) ఫైలంటే పేరేమీ లేని 16 బిట్ల పూర్ణాంకాల బారు. సెకనుకి 1250 శాంపిళ్ళు, ఛానళ్ళు ఎన్నో పక్కనున్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు చెబుతుంది. మొదటి క్షణంలో అన్ని ఛానళ్ళూ, తర్వాత రెండో క్షణంలో అన్నీ, అలా పేకముక్కల్లా కలిపి ఉంటాయి. నేను ఒక్కో ఛానలూ విడిగా ఉంటుందనుకుని చదివాను, వచ్చిన గ్రాఫు చూస్తే ఆ ఎలుకకి ఫిట్స్ వచ్చినట్టుంది. పది నిమిషాల్లో సర్దుకుంది, దీని గురించి ఎక్కువ రాయను.

రికార్డు చేసిన ఎలక్ట్రోడు గురించి మాత్రం రాయాలి. సిలికాన్‌తో చేసిన సన్నటి దువ్వెన లాంటిది. ఒక్కో పన్ను మీద ఎనిమిది చుక్కలు, చుక్కకీ చుక్కకీ మధ్య నిలువుగా 20 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కంటే తక్కువ. పన్నుకీ పన్నుకీ మధ్య 200 మైక్రాన్లు. దాన్ని హిప్పోకాంపస్‌లో సీఏ1 అనే భాగంలో న్యూరాన్ల ఒళ్ళు కిక్కిరిసి ఉన్న చోట దించి, ఎలుకని దాని మానాన దాన్ని తిరగనిచ్చారు. మేం ఓ పంపు మీద సెన్సారు ఎక్కడ బిగించాలని వారం మీటింగులు పెట్టుకుంటాం.

ఇవాళ్టి ఆనందం థీటా అనే అల. ఎలుక పరిగెడుతున్న భాగం తెరిచాను. ఫిల్టరేమీ లేకుండానే, సెకనుకి ఎనిమిదిసార్లు చొప్పున, బట్టల మిషను కుట్టులా ఒకే తీరుగా లేచి పడుతోంది అల. ఎలుక ఆగగానే ఆ కుట్టు తెగిపోతుంది, గీత గజిబిజిగా, పెద్ద పెద్ద గుంటలతో సాగుతుంది. ఒక్కో గుంట మీద నురగలాగా సన్నటి గలగల. జూమ్ చేసి లెక్కపెట్టాను, ఒక నురగలో పదో పన్నెండో అలలు. రిపుల్ అదే! అంటే నా డిటెక్టరు రాయకముందే కంటికి దొరికేసింది, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా.

జూన్ 15, ఆదివారం

డిటెక్టరు మొదటి రూపం. 130 నుంచి 220 హెర్ట్జ్ మధ్య వడగట్టు, హిల్బర్ట్ ఎన్వెలప్ తీసి కొద్దిగా మెత్తబరచు, సగటు కంటే ఐదు స్టాండర్డ్ డీవియేషన్లు దాటిన శిఖరాలు పట్టు, అటూ ఇటూ రెండు డీవియేషన్లకి దిగేదాకా దాని హద్దు, 30 మిల్లీసెకన్ల కంటే పొట్టివి వదిలెయ్, పక్కపక్కనే ఉంటే కలిపెయ్. ఈ అంకెలు ఎవరో దేవుడిచ్చినవి కావు, ఒక్కో ల్యాబుకి ఒక్కో తీరు, నేను కాసేపు తిప్పి చూసి ఇక్కడ ఆగాను.

రన్ చేస్తే విపరీతంగా వచ్చాయి. ఎలుక మెలకువగా ఉన్న కొన్ని నిమిషాల్లో గుంపులు గుంపులుగా. రాండమ్‌గా ఇరవై తీసి కంటితో చూశాను. సగానికి పైగా రిపుల్స్ కావు. అన్ని ఛానళ్ళలోనూ ఒకే క్షణంలో, ఒకే ఎత్తులో, ముళ్ళకంపలాంటి గీత. ఇది నాకు తెలిసిన దొంగే. పక్కన వెల్డింగు మొదలైతే ఫ్యాక్టరీలో సెన్సార్లన్నీ ఒకేసారి ఎగురుతాయి చూడండి, అలాంటిది. ఎలుక విషయంలో అది దవడ కండరాలు, నమలడం, గీక్కోవడం. అసలు రిపుల్ సీఏ1 కణాల పొరలోనే గట్టిగా ఉంటుంది, కాస్త పక్కకెళితే పల్చబడుతుంది. అందుకని దూరంగా ఎంటోరైనల్ కార్టెక్స్ (హిప్పోకాంపస్‌కి బయటి సంగతులు చేరవేసే భాగం) వైపున్న ఒక ఛానలుని కాపలా పెట్టాను. అక్కడ కూడా అదే క్షణంలో ఉబ్బితే దాన్ని కొట్టెయ్. కుప్ప ఒక్కసారిగా తగ్గింది. మిగిలినవాటిలో మళ్ళీ ఇరవై చూస్తే ఒకటో రెండో అనుమానం తప్ప మిగతావన్నీ నురగే.

తర్వాత చెప్పకూడనంత సేపు చేసిన పని: వాటిని విన్నాను. బేరింగు వాళ్ళకి చెవి మీదే నమ్మకం ఎక్కువ. 160 హెర్ట్జ్ మామూలుగానే చెవికి వినపడే శబ్దమే కానీ లాప్‌టాప్ స్పీకరు పలకదు, అందుకని నిద్ర రికార్డింగుని నాలుగు రెట్లు వేగంగా వేసి ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాను. టిక్... టిక్‌టిక్... చాలాసేపు ఏమీ లేదు... టిక్. అచ్చం గోడ మీద బల్లి. అమ్మకి ఇయర్‌ఫోన్ ఇచ్చి ఏంటో చెప్పుకోమంటే, "బల్లి పలికింది, సత్యం" అని వేలితో మంచం కోడు తట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

జూన్ 22, ఆదివారం

ఇవాళ న్యూరాన్లు. చెల్లెలు ఫోన్లో గంట సేపు పాఠం చెప్పింది, ఇక్కడ రెండు ముక్కలు రాసి పెట్టుకుంటాను.

1953లో అమెరికాలో హెన్రీ మోలైసన్ అనే 27 ఏళ్ళ మనిషికి మూర్ఛ తగ్గించాలని విలియం స్కోవిల్ అనే సర్జన్ రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం, దాని చుట్టుపక్కలదీ తీసేశాడు. మూర్ఛ తగ్గింది. కానీ ఆ తర్వాత ఆయనకి కొత్తగా జరిగినదేదీ నిలవలేదు, చిన్నప్పటివి ఉన్నాయి, మాట తీరు ఉంది, తెలివి ఉంది. బ్రెండా మిల్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించే పరీక్ష పెడితే మూడు రోజుల్లో చెయ్యి బాగా తిరిగింది, కానీ తనా పని ఎప్పుడూ చేసినట్టే ఆయనకి తెలీదు. చేతికి వచ్చిన విద్య వేరు, "నిన్న ఇది చేశాను" అనేది వేరు, రెండోదానికి హిప్పోకాంపస్ కావాలని తెలిసింది ఆయన వల్లే. 2008లో పోయేదాకా లోకానికి ఆయన హెచ్.ఎం. అనే రెండక్షరాలే.

ఇక 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, డోస్ట్రోవ్‌స్కీ కలిసి ఎలుక హిప్పోకాంపస్‌లో ఒక్కో కణమూ ఒక్కో చోట మాత్రమే పేలడం (చటుక్కున ఓ కరెంటు పల్సు వదలడం, దాన్నే స్పైకు అంటారు) చూశారు. ప్లేస్ సెల్స్. గది మూలలో ఉంటే ఒకటి, తలుపు దగ్గరైతే ఇంకొకటి. ఓకీఫ్‌కి 2014లో నోబెల్ వచ్చింది, గ్రిడ్ సెల్స్ (చోటుని గళ్ళలా గుర్తించే కణాలు) కనిపెట్టిన మోసర్ దంపతులతో కలిపి.

నా సెషన్‌లో ఎలుక రెండున్నర మీటర్ల సన్నటి బల్ల మీద అటూ ఇటూ పరిగెడుతుంది, రెండు చివర్లా నీళ్ళ చుక్కలు. కాబట్టి ఒక్కో కణం బల్ల మీద ఎక్కడ పేలుతోందో గీస్తే గుట్టల్లాంటివి రావాలి. ఎలుక ఎక్కువసేపు నిలబడిన చోట సహజంగానే ఎక్కువ స్పైకులు ఉంటాయి కనుక అక్కడ గడిపిన టైముతో భాగించాలి, సెకనుకి 5 సెంటీమీటర్ల కంటే నెమ్మదిగా ఉన్న క్షణాలు తీసెయ్యాలి. తల మీది లైట్లు కెమెరాకి దొరకనప్పుడు పొజిషన్ ఫైలులో -1 అని ఉంటుంది, అది తియ్యకపోతే ఎలుక మధ్యమధ్యలో మాయమై మూలకి ఎగిరిపోతుంది. (తీశాను. రెండోసారి.)

గ్రాఫులు వచ్చాయి. గుట్టలు రాలేదు. వచ్చినవి చదునుగా పరుచుకుని ఉన్నాయి.

జూన్ 29, ఆదివారం

వారం పోయింది. వారమంతా రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇదే.

స్మూతింగ్ మార్చాను, బిన్ సైజు 5 సెంటీమీటర్ల నుంచి 2కి దించాను, వేగం కటాఫ్ మార్చాను, కుడి పరుగూ ఎడమ పరుగూ విడగొట్టాను (ఇది ఎలాగూ చెయ్యాలిసిందే, బల్ల మీద చాలా కణాలు ఒక దిక్కున వెళ్ళేటప్పుడే పేలతాయి). కొన్ని కణాలకి లీలగా గుట్ట కనపడేది, కానీ దాని చుట్టూ బల్లంతా పరుచుకున్న పొగ. ఎలుక ఎలక్ట్రోడు కదిలిందేమో, సార్టింగ్ (ఏ స్పైకు ఏ కణానిదో విడదీయడం) చేసినవాళ్ళు సరిగా చెయ్యలేదేమో అని కూడా మనసులో అనుకున్నాను. సిగ్గుపడుతూ రాస్తున్నా.

అసలు సంగతి ఇది. స్పైకుల టైములు ఒక ఫైలులో, ఏ స్పైకు ఏ కణానిదో ఇంకో ఫైలులో ఉంటాయి, వరస వరసకి సరిపోవాలి. రెండో ఫైలులో ఒక వరస ఎక్కువుంది. పైథాన్ రెండూ సమానంగా లేవని మొదటి రోజే అరిచింది. నేనేం చేశాను? ఆఖరి వరసేదో ఖాళీది అయ్యుంటుందనుకుని దాన్ని కోసేశాను. ఎక్కువున్నది ఆఖరిది కాదు, మొదటిది! ఆ ఫైలులో మొదటి వరస కణం నంబరు కాదు, మొత్తం ఎన్ని గుంపులున్నాయో చెప్పే లెక్క. అంటే మొత్తం రికార్డింగులో ప్రతి స్పైకుకీ దాని ముందు స్పైకు పేరు తగిలించాను. ఒక ఇంటి ఉత్తరం పక్కింట్లో వేసినట్టు, వీధి మొత్తం.

మరి పూర్తిగా చెత్త రాకుండా లీలగా గుట్టలెందుకు కనపడ్డాయి? దీనికి జవాబు దొరికినప్పుడు మాత్రం తప్పు చేసినందుకు సంతోషమేసింది. హిప్పోకాంపస్ కణం తరచూ ఒక్క స్పైకుతో ఆగదు, చాలాసార్లు దానివే రెండు మూడు స్పైకులు కొన్ని మిల్లీసెకన్ల తేడాతో టపటపా వస్తాయి. కాబట్టి ముందు స్పైకు కూడా చాలాసార్లు అదే కణానిది. పేరు తప్పు పెట్టినా సగం సార్లు ఒప్పయిపోయింది. పూర్తిగా తప్పయితే మొదటిరోజే పట్టుకునేవాణ్ణి, సగం ఒప్పు వల్లే వారం పట్టింది.

సరిచేశాక గ్రాఫులు తెరిచాను. ఒక కణం కుడి వైపు వెళ్ళేటప్పుడు 90 సెంటీమీటర్ల దగ్గర మాత్రమే, ఎలుక ఆ చోటు దాటిన దాదాపు ప్రతిసారీ. ముందూ వెనకా నిశ్శబ్దం. ఇంకొకటి 150 దగ్గర. గుట్టల శిఖరాల వరసలో కణాలని పేర్చితే, పై ఎడమ మూల నుంచి కింద కుడి మూలకి ఏటవాలుగా ఓ పట్టీ. అర్ధరాత్రి లేచి మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ చూశాను.

జూలై 6, ఆదివారం

రెండో లక్ష్యం: రిపుల్స్ ఎక్కడ వస్తున్నాయి. బల్ల పొడవునా రిపుల్ జరిగిన చోట్ల చుక్కలు పెట్టాను. మధ్యలో దాదాపు ఖాళీ. రెండు చివర్లా నల్లగా, సిరా ఒలికినట్టు. ఎలుక పరిగెడుతున్నంతసేపూ థీటా, నీళ్ళ దగ్గర ఆగి నాలుక చాపగానే థీటా తెగి రిపుల్స్.

ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే, నేనేదో కనిపెట్టానని కాదు. కానీ నేనిన్నాళ్ళూ జ్ఞాపకం తయారయ్యేది చూస్తున్నప్పుడు, చదువుతున్నప్పుడు, పరిగెడుతున్నప్పుడు అనుకునేవాణ్ణి. చూడబోతే అది సగం పనే. బుజాకి 1989లో దీన్ని రెండు దశలుగా చెప్పాడు. తిరుగుతున్నప్పుడు ఎంటోరైనల్ కార్టెక్స్ నుంచి బయటి సంగతులు థీటా లయలో హిప్పోకాంపస్‌లోకి దిగుతాయి, అక్కడ కణాల మధ్య లింకులు తాత్కాలికంగా, కొద్దిగా మారతాయి. ఆగినప్పుడు, గాఢంగా నిద్రపోయినప్పుడు సీన్ తిరగబడుతుంది. సీఏ3 అనే భాగంలో కణాలు ఒకదానితో ఒకటి బాగా అల్లుకుని ఉంటాయి, కొన్ని పేలితే మిగతావాటిని లాగుతాయి. అక్కడ పుట్టిన ఉప్పెన సీఏ1 మీద పడుతుంది, ఎల్‌ఎఫ్‌పీలో నేను చూసిన పెద్ద గుంట అదే, షార్ప్ వేవ్. ఆ తాకిడికి సీఏ1లో పేల్చే కణాలూ అణిచే కణాలూ పోటాపోటీగా ఊగడమే నురగ, రిపుల్. అక్కడి నుంచి సంగతి మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కి పోతుంది.

మరి పరిగెడుతున్నప్పుడు సీఏ3 ఎందుకు ఊరుకుంటుంది? ఎసిటైల్‌కొలీన్ అనే మెదడు రసాయనం అంది చెల్లెలు. చురుగ్గా ఉన్నప్పుడు అది ఎక్కువ, అప్పుడు సీఏ3 లోపలి అల్లిక గొంతు తగ్గుతుంది, బయటి మాట బాగా వినపడుతుంది. గాఢనిద్రలో అది పడిపోతుంది, లోపలివాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెడతారు. దుకాణం తెరిచి ఉన్నంతసేపూ అమ్మకాలు చిత్తు పుస్తకంలో గీకి, షట్టరు దించాక ఖాతా పుస్తకంలో ఎక్కించే మా వీధి కిరాణా ఆయన గుర్తొచ్చాడు. పోలిక మరీ దూరం లాగను. ఆయన ఒక్కసారే ఎక్కిస్తాడు, ఎలుక ఒక్క నిద్రలో వేలసార్లు.

జూలై 13, ఆదివారం

మూడో లక్ష్యం, చెల్లెలు నవ్విన లక్ష్యం.

1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే శాస్త్రవేత్తలు ఒక సంగతి చూశారు: మెలకువలో పక్కపక్క చోట్ల పేలిన ప్లేస్ సెల్స్, తర్వాత నిద్రలో కూడా జంటగా పేలుతున్నాయి. 2002లో లీ, విల్సన్ ఇంకో అడుగు వేసి అవి వరస కూడా తప్పకుండా పేలుతున్నాయని చూపించారు. రీప్లే. రెండున్నర మీటర్లు పరిగెత్తడానికి ఎలుకకి కొన్ని సెకన్లు పడితే, రిపుల్‌లో అదే దారి సెకనులో పదో వంతులో అయిపోతుంది, ఎన్నో రెట్లు కుదించి.

ఈ కుదింపే కీలకమని నాకు ఇవాళే తలకెక్కింది. రెండు న్యూరాన్ల మధ్య లింకు గట్టిపడాలంటే అవి రెండూ కొన్ని పదుల మిల్లీసెకన్ల లోపు ఒకదాని వెనక ఒకటి పేలాలి. (1973లో బ్లిస్, లోమో కుందేలు హిప్పోకాంపస్‌లో దడదడా కరెంటు పల్సులు ఇచ్చి, ఆ లింకులు గంటల తరబడి బలపడి ఉండటం చూశారు. లింకు బలపడటం అనేది ఊహ కాదని అక్కడ తేలింది.) నా 90 సెంటీమీటర్ల కణమూ 150 సెంటీమీటర్ల కణమూ పరుగులో సెకను పైన తేడాతో పేలతాయి, ఆ తేడాకి లింకు ఏం బలపడుతుంది? రిపుల్‌లో అదే తేడా కొన్ని పదుల మిల్లీసెకన్లు. దూరంగా ఉన్న రెండు చోట్లని దగ్గరికి లాగి ముడెయ్యాలంటే టైముని మడతపెట్టాలి. రిపుల్ చేసే పని ఆ మడత.

సరే, నా కోడు. ఒక్కో రిపుల్‌ని 20 మిల్లీసెకన్ల ముక్కలు చెయ్యి. ఒక్కో ముక్కలో ఏయే కణాలు ఎన్నిసార్లు పేలాయో చూసి, వాటి గుట్టలని బట్టి, "ఎలుక ఇప్పుడు ఎక్కడుందని ఈ కణాలు అంటున్నాయి" అని బేయ్స్ సూత్రంతో (సంభావ్యత లెక్క) లెక్కగట్టు. అసలు ఎలుక చివర నిలబడి నీళ్ళు తాగుతోంది. కానీ బొమ్మలో ఆ "ఎక్కడ" కదులుతోంది! ఒక రిపుల్‌లో 200 సెంటీమీటర్ల నుంచి మొదలై 160, 110, 50 అంటూ వెనక్కి జారింది. ఇప్పుడే పరిగెత్తి వచ్చిన దారిని తిరగేసి చదువుతోంది. 2006లో ఫాస్టర్, విల్సన్ చెప్పిన రివర్స్ రీప్లే సరిగ్గా ఇదే, పరుగు ముగించి ఆగిన చోట వెనక్కి నడవడం. ఆ మరుసటేడు డీబా, బుజాకి పరుగు మొదలెట్టే ముందు ముందుకి, ముగిశాక వెనక్కి రెండూ ఉంటాయని చూపించారు.

ఒంటిగంటన్నరకి చెల్లెలికి స్క్రీన్‌షాట్లు పెట్టాను, ఒక పది. అది మేలుకునే ఉంది (పీహెచ్‌డీ). ఒక్క వాక్యం వచ్చింది: "షఫుల్ చేశావా అన్నయ్యా?"

జూలై 20, ఆదివారం

చెయ్యలేదు. ఇప్పుడు చేశాను. ఎందుకు చేశానా అనిపించింది.

షఫుల్ అంటే ఇది. కణాల పేర్లు కావాలనే తారుమారు చేసి, లేదా ఒక్కో 20 మిల్లీసెకన్ల ముక్కలోని బొమ్మని అడ్డదిడ్డంగా జరిపి, మళ్ళీ అదే లెక్క కట్టు, ఇలా వెయ్యిసార్లు. అసలు బొమ్మలో ఏటవాలు గీత ఎంత చక్కగా ఉందో, ఆ వెయ్యి అబద్ధపు బొమ్మల్లో నూటికి తొంభై ఐదింటి కంటే బాగుంటేనే దాన్ని లెక్కలోకి తీసుకో. నా దగ్గరున్న కణాలు ఓ ముప్పై పైచిలుకు, ఒక్కో రిపుల్‌లో పేలేవి ఐదో ఆరో. ఐదు చుక్కలు ఎలా పడేసినా కంటికి ఏదో ఒక గీత కనపడుతుంది, మబ్బుల్లో ఏనుగు కనపడ్డట్టు.

నేను పంపిన పది స్క్రీన్‌షాట్లలో నిలబడ్డవి మూడు. ఆ 200 నుంచి 50కి జారినది నిలబడింది, అదొక్కటే ఊరట. నేను అందంగా ఉందని అన్నిటికంటే ముందు పంపినది పోయింది. వెయ్యి అబద్ధాల్లో అంతకంటే అందమైనవి వందల్లో ఉన్నాయి. మొత్తం రిపుల్స్ మీద నడిపితే, గట్టిగా నిలిచినవి కాకతాళీయంగా రావలసిన నూటికి ఐదు కంటే ఎక్కువే ఉన్నాయి, కానీ నేను ఊహించుకున్నదానిలో చిన్న ముక్క.

ఫోన్ చేశాను. "అప్పుడు నవ్వింది ఇందుకేనా?" అన్నాను.

"కాదు, నువ్వు చదవడం అని రాశావు. మేం చదవం, పందెం కాస్తాం. ఇంకోటి చెప్పనా, ఎలుక ఆ బల్ల ఎక్కకముందు పడుకున్న నిద్ర ఫైలు ఉంటే దాని మీద కూడా నడిపి చూడు."

"ఎక్కకముందు దానికి ఆ దారే తెలీదు కదే?"

"నడిపి చూడు."

తర్వాత చదివి తెలుసుకున్నాను, ఇది పెద్ద గొడవ. 2011లో డ్రగోయ్, టొనెగావా ఎలుక చూడని దారి వరసలు కూడా ముందు నిద్రలోనే కొంత కనపడుతున్నాయన్నారు, ప్రీప్లే అని. హిప్పోకాంపస్‌లో ముందే కొన్ని వరసలు సిద్ధంగా ఉంటాయి, కొత్త దారి రాగానే వాటికి తగిలిస్తుందని ఒక పక్షం. షఫుల్ సరిగా చేస్తే అంత ఉండదని ఇంకో పక్షం. ముప్పై కణాలతో నేను ఈ తగువులో వేలు పెట్టను.

జూలై 27, ఆదివారం

నన్ను తొలుస్తున్న ప్రశ్న వేరే. రిపుల్‌తో పాటు రీప్లే వస్తుంది, సరే. కానీ దానివల్లే జ్ఞాపకం నిలుస్తోందా? పంపు తిరిగినప్పుడు ఎర్రలైటు వెలుగుతుంది, అలాగని లైటు నీళ్ళు తోడదు. లైటు తీసేసి చూడాలి.

తీసేసి చూశారు. 2009లో జిరార్డో, జుగారో, ఇంకా వాళ్ళ బృందం పారిస్‌లో. ఎనిమిది దారులున్న చక్రంలాంటి బల్ల, అందులో రోజూ అవే మూడింటి చివర తిండి. ఎలుక నేర్చుకున్నాక నిద్రపోతుంది, ఆ నిద్రలో గంటసేపు, రిపుల్ మొదలవగానే మిషను పట్టుకుని సన్నటి కరెంటు పల్సు ఒకటి వదిలి ఆ రిపుల్‌ని మధ్యలోనే తుంచేస్తుంది. నాకు బాగా నచ్చింది వాళ్ళ రెండో గుంపు. ఆ ఎలుకలకీ పల్సులు ఇచ్చారు, కాకపోతే కొంచెం ఆలస్యంగా, రిపుల్ అయిపోయాక. కరెంటు తగలడంలో తేడా లేదు, తగిలిన క్షణంలోనే తేడా. రిపుల్ తెగిన ఎలుకలు దారి నేర్చుకోవడంలో వెనకబడ్డాయి. 2019లో బుజాకి ల్యాబు నుంచే ఫెర్నాండెజ్-రూయిజ్ వాళ్ళు ఎదురు పని చేశారు, వెలుతురుతో కణాలని తట్టి రిపుల్‌ని ఇంకాస్త సాగదీశారు, ఎలుకలు పనిలో మెరుగయ్యాయి. 2024లో అదే ల్యాబు చెప్పింది మరీ బాగుంది. మెలకువలో ఎలుక ఆగినప్పుడు వచ్చిన రిపుల్స్‌లో ఏ అనుభవం మళ్ళీ ఆడిందో, తర్వాత నిద్రలో ఎక్కువగా ఆడేదీ అదే. అంటే నీళ్ళు తాగే ఆ కాసేపట్లోనే "ఇది ఉంచుకోవాలి" అని ఓ గుర్తు పడుతోందన్నమాట.

అమ్మ చిన్నప్పుడు పదిహేనో ఎక్కం చెప్పించుకుని, "ఇక పుస్తకం మూసి పడుకో, పొద్దున్నకి అదే వస్తుంది" అనేది. నేను దుప్పట్లో టార్చిలైటు పెట్టుకుని చదివేవాణ్ణి.

ఆగస్టు 3, ఆదివారం

పారిస్ వాళ్ళ ప్రయోగం ఇంజినీరుగా నిద్రపట్టనివ్వలేదు. రిపుల్ ఉండేది 50 నుంచి 100 మిల్లీసెకన్లు. తుంచాలంటే అది అయిపోయేలోపు పట్టుకోవాలి. నా డిటెక్టరు పట్టుకోగలదా?

పట్టుకోలేదు, ఎందుకంటే అది మోసం చేస్తోంది. నేను వాడేది ఫిల్ట్‌ఫిల్ట్, సిగ్నలుని ఒకసారి ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి వడగడుతుంది, అందుకే అలలు జరగకుండా ఉన్నచోటే ఉంటాయి. అంటే ప్రతి క్షణం దగ్గరా దానికి ముందు జరగబోయేది తెలుసు. రికార్డయిపోయిన ఫైలు మీద అది తప్పు కాదు. బతికున్న ఎలుక మీద రేపటి డేటా ఎవరిస్తారు? పైగా సగటు, డీవియేషను కూడా మొత్తం ఫైలు చూసి తీస్తున్నాను, అదీ మోసమే.

ఈ వారాంతం ముందుకి మాత్రమే చూసే డిటెక్టరు రాశాను. చిన్న ఫిల్టరు, మొదటి కొన్ని నిమిషాల నుంచి తీసిన బేస్‌లైను, దాటగానే గంట. పాత డిటెక్టరు చెప్పిన రిపుల్ మొదలుతో పోల్చాను. చాలావాటిలో నా గంట మోగేసరికి 30 మిల్లీసెకన్ల పైనే అయిపోయింది, అంటే పొట్టి రిపుల్ అయితే సగం దాటిపోయింది. త్రెషోల్డు దించితే తొందరగా మోగుతుంది, దవడ ఆడినా మోగుతుంది. ఫిల్టరు పొట్టిది పెడితే ఆలస్యం తగ్గుతుంది, రిపుల్‌కీ గోలకీ తేడా చెరిగిపోతుంది. బేరింగు విషయంలో మేం అరగంట ఆలస్యంగా చెప్పినా ఎవరూ పట్టించుకోరు.

చెల్లెలు రాత్రి ఫోన్ చేసి "ప్రీ-స్లీప్ ఫైలు నడిపావా" అంది. నడుపుతున్నానన్నాను. నిజానికి అప్పుడే మొదలుపెట్టాను. వెయ్యి షఫుల్స్ కదా, లాప్‌టాప్ ఫ్యాను గట్టిగా తిరుగుతోంది, ఇప్పటికి నూటికి పద్నాలుగు అయింది. మూత తెరిచే ఉంచి పడుకుంటున్నా.